స్తంభం మీది ముదురు రంగు డేగ రెడ్‌టెయిలేనా? పట్టే ముందు ఏమేం చూడాలి?

కొత్తగ్లవ్:
అందరికీ నమస్కారం. డేగవేట (డేగను పట్టి, మచ్చిక చేసి, దానితో వేటాడటం) నేర్చుకోవడానికి రాత పరీక్ష పాసయ్యాను, పక్షి గదినీ సామానునూ అధికారులు వచ్చి చూసి వెళ్ళారు, అప్రెంటిస్ పర్మిట్ చేతికొచ్చింది. ఇక మిగిలింది పక్షిని పట్టడమే.

నేనుండేది అమెరికాలోని నెబ్రాస్కా దక్షిణ భాగంలో. మొక్కజొన్న కోసేసిన చేల పక్కన కరెంటు స్తంభాల మీద నవంబరు మొదలైనప్పటి నుంచి ఒక డేగ కూర్చుంటోంది. వెనక నుంచి చూసినా ముందు నుంచి చూసినా ముదురు గోధుమ రంగే. రొమ్ము మీద తెలుపు లేదు, పొట్టకు అడ్డంగా ఉండే గీతల పట్టీ కనబడటం లేదు. రెడ్‌టెయిల్ అంటే పెద్దయ్యాక తోక ఎర్రబడే డేగ కదా, దీని తోక ఎర్రగా లేదు కాబట్టి ఈ ఏడు పుట్టిన పిల్లే అనుకుంటున్నాను. డార్క్ మార్ఫ్ రెడ్‌టెయిల్ (పుట్టుకతోనే ఒళ్ళంతా ముదురుగా ఉండే రకం) అయితే ఎంత బాగుంటుందో! డేగవేట గురించి చదవడం మొదలుపెట్టినప్పటి నుంచీ అలాంటి పక్షినే చేతి మీద ఊహించుకుంటున్నాను. రెండు ఫొటోలు పెట్టాను, చూసి చెప్పండి.

రెక్కచూపు:
ముందుగా అభినందనలు. ఫొటోల సంగతికి వస్తాను గానీ, "తోక ఎర్రగా లేదు కాబట్టి పిల్లే" అన్న మాట దగ్గర మిమ్మల్ని కాస్త ఆపాలి. లేత రంగు రెడ్‌టెయిల్ అయితే ఈ లెక్క దాదాపు ఎప్పుడూ సరిపోతుంది. మీరున్న చోట, ఈ కాలంలో, అదీ ముదురు రంగు పక్షి మీద మాత్రం సరిపోదు.

కారణం హార్లాన్స్ డేగ. అలాస్కా, యూకాన్, ఉత్తర బ్రిటిష్ కొలంబియాల్లో గూడు కట్టి, చలికాలానికి నెబ్రాస్కా, కాన్సస్, ఓక్లహోమా, అర్కాన్సా వైపు దిగే రెడ్‌టెయిల్ ఉపజాతి అది. 1973 దాకా దాన్ని వేరే జాతిగానే లెక్కపెట్టేవారు. వాటిలో చాలా మటుకు ముదురు రంగువే, లేతవి తక్కువ. అసలు చిక్కు ఏమిటంటే, పెద్దదైన హార్లాన్స్‌కు కూడా మామూలు రెడ్‌టెయిల్‌లాంటి ఎర్ర తోక రాదు. తెలుపూ బూడిదా కలిసిపోయి, మచ్చలు మచ్చలుగా, చివర అలుక్కుపోయినట్టు ముదురు పట్టీతో ఉంటుంది. కొన్నిట్లో ఎరుపు ఛాయ ఉన్నా అది కొద్దిగానే. "ఎరుపు లేదు, పిల్లే" అనుకుని నాలుగేళ్ళ పక్షి మీద ఉచ్చు వేసే ప్రమాదం ఉంది. ఫెడరల్ (అమెరికా కేంద్ర ప్రభుత్వ) నిబంధనల ప్రకారం ఏడాది దాటిన అడవి పక్షిని డేగవేటకు పట్టకూడదు. కెస్ట్రెల్ అనే చిన్న డేగ, గ్రేట్ హార్న్‌డ్ గుడ్లగూబ ఈ రెండింటికి మినహాయింపు ఉంది, అదీ అప్రెంటిస్‌కు కాదు.

కాబట్టి తోక ఎరుపా కాదా అని కాకుండా, తోక మీద ఏముందో చూడండి. ఈ ఏటి పిల్లకు గోధుమ రంగు తోక మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా సన్నటి ముదురు పట్టీలు, చాలా ఉంటాయి. పెద్ద హార్లాన్స్‌కు అలా తీరుగా ఉండవు, అంతా కలగాపులగంగా ఉంటుంది.

పొలంగట్టు:
దానికి తోడు కన్ను. పిల్ల కన్ను లేత పసుపు, పెద్ద పక్షి కన్ను ముదురు గోధుమ. స్కోప్ పెట్టి ఎండ ముఖం మీద పడే వేళ చూస్తే స్తంభం మీద ఉన్న పక్షి కన్ను కూడా తెలుస్తుంది. ముదురు ముఖంలో పసుపు కన్ను బాగా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. హార్లాన్స్ అయినా కాకపోయినా ఈ గుర్తు పనిచేస్తుంది.

ఉచ్చులదారం:
మీరిద్దరూ అది రెడ్‌టెయిలే అని ఖాయం చేసుకుని వయసు దగ్గరికి వెళ్ళిపోయారు. నేను ఒక అడుగు వెనక్కి వెళ్తాను.

నవంబరులో, నెబ్రాస్కాలో, ముదురు రంగు బ్యూటియో (వెడల్పు రెక్కల డేగల వర్గం) అంటే మూడు జాతులు మనసులో ఉండాలి: రెడ్‌టెయిల్, రఫ్‌లెగ్డ్, ఫెరూజినస్. మూడింటికీ డార్క్ మార్ఫ్ ఉంది. స్వెయిన్సన్స్‌కూ ఉంది గానీ అది ఈపాటికి అర్జెంటీనా పచ్చిక మైదానాల దారి పట్టి ఉంటుంది. సెప్టెంబరులో పట్టబోయేవాళ్ళకు మాత్రం అదీ లెక్కలోకి వస్తుంది. ఇది ఎందుకు ముఖ్యమంటే, అప్రెంటిస్ దగ్గర ఫెరూజినస్ గానీ స్వెయిన్సన్స్ గానీ ఉండకూడదని ఫెడరల్ నిబంధనల్లోనే ఉంది. మీ రాష్ట్రం జాబితా ఇంకా చిన్నదై ఉండొచ్చు, అది చూసుకోండి.

రంగుతో పని లేకుండా తేల్చే గుర్తు కాళ్ళు. రఫ్‌లెగ్డ్‌కూ ఫెరూజినస్‌కూ కాలివేళ్ళ మొదలు దాకా ఈకలుంటాయి. రెడ్‌టెయిల్‌కు కింది భాగం నున్నగా, పసుపు పొలుసులతో ఉంటుంది. ఉచ్చులో పడ్డాక మొదట చూడాల్సింది ఇదే. కాళ్ళ మీద వేళ్ళ దాకా ఈకలు కనబడితే ఇంకేమీ ఆలోచించకుండా ఉచ్చు విప్పి వదిలేయడమే. అనుకోకుండా పడ్డ పక్షిని వెంటనే వదలాలన్నది నిబంధన కూడా.

దూరం నుంచైతే: రఫ్‌లెగ్డ్‌కు ముక్కు చిన్నది, పాదాలు చిన్నవి. చెట్టు చిటారున, దాని బరువు ఆగుతుందా అనిపించే సన్నటి రెమ్మల మీద కూర్చుంటుంది. గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి కిందికి చూడటం దానికి బాగా అలవాటు. ఫెరూజినస్‌కు నోటి మూల పసుపు గీత కంటి కిందిదాకా సాగి ఉంటుంది, తల పెద్దదిగా కనిపిస్తుంది. దాని డార్క్ మార్ఫ్ ఎగిరేటప్పుడు కింద నుంచి చూస్తే ఒళ్ళు ముదురు, రెక్క ఈకలు మాత్రం చారలు పెద్దగా లేని తెలుపు. ఆ తేడా ఒకసారి చూస్తే మరచిపోరు.

కొత్తగ్లవ్:
చాలా థ్యాంక్సండీ. ఫెరూజినస్ సంగతి నా దృష్టిలోనే లేదు. ఈ ఉదయం స్కోప్ తీసుకుని వెళ్ళాను. కాళ్ళ కింది భాగం పసుపుగా, నున్నగా ఉంది, ఈకల్లేవు. కన్ను లేత పసుపు. తోక గోధుమ రంగు, అడ్డంగా ముదురు పట్టీలు. ఒక సందేహం: రెక్క కింద భుజం దగ్గర ముందు అంచున నల్ల పట్టీ ఉంటేనే రెడ్‌టెయిల్ అని చదువుకున్నాను. దీనికి ఆ పట్టీ నాకు కనబడలేదు. మరి ఇది రెడ్‌టెయిల్ ఎలా అవుతుంది?

తోకపట్టీలు:
మంచి ప్రశ్న, చాలామంది ఇక్కడే తికమకపడతారు. ఆ పటాజియల్ పట్టీ లేత రంగు రెడ్‌టెయిల్‌కు గొప్ప గుర్తు. అది కనబడాలంటే చుట్టూ లేత రంగు ఉండాలి. రెక్క కింది చిన్న ఈకలన్నీ ముదురైపోతే పట్టీ అందులో కలిసిపోతుంది. పోయిందని కాదు, వేరుగా కనబడదంతే. రూఫస్ మార్ఫ్‌లో, అంటే రొమ్ము ఇటుక రంగులో, పొట్ట ఇంకా ముదురుగా ఉండే పక్షిలో, జాగ్రత్తగా చూస్తే ఆ చోటు మిగతా రెక్క కంటే ఒక పాలు నల్లగా తెలుస్తుంది. పూర్తి డార్క్ మార్ఫ్‌లో ఆ ఆశ పెట్టుకోవద్దు.

దాని బదులు ఆకారం చూడండి. రెడ్‌టెయిల్ రెక్క వెడల్పు, మధ్యలో కాస్త ఉబ్బినట్టు ఉంటుంది. బయటి ప్రైమరీల్లో (రెక్క కొస వైపు పొడవాటి ఈకల్లో) నాలుగింటికి లోపలి అంచు ఒక్కసారిగా సన్నబడుతుంది, అందుకే ఎగిరేటప్పుడు రెక్క కొస నాలుగు వేళ్ళు చాచినట్టు విడివడుతుంది. స్వెయిన్సన్స్‌కు, బ్రాడ్‌వింగ్డ్‌కు ఆ సన్నబడ్డ ఈకలు మూడే, రెక్క కొస మొనదేలి కనిపిస్తుంది. చేతిలో ఉన్న పక్షి మీద ఈ లెక్క చిటికెలో అయిపోతుంది, రంగు ఏదైనా పొరపాటు రాదు.

పిల్ల రెడ్‌టెయిల్‌కు ఇంకో సంగతి. ఎండకు ఎదురుగా ఎగిరితే బయటి రెక్కలో ఒక భాగం నుంచి వెలుతురు దూరి, చదరంగా తెల్లటి కిటికీలా వెలుగుతుంది. వెనక అంచున ఉండే ముదురు పట్టీ పిల్లలో సన్నగా, బూడిదగా, చెరిగినట్టు ఉంటుంది. పెద్ద పక్షిలో అదే పట్టీ వెడల్పుగా, నల్లగా, గీత గీసినంత స్పష్టంగా ఉంటుంది. ముదురు రంగు పక్షుల వయసు చెప్పడానికి ఎగిరే ఫొటోలో నేను మొదట చూసేది ఆ అంచునే.

రెక్కచూపు:
మీ రెండో ఫొటో పెద్దది చేసి చూశాను. వెనక అంచు సన్నగా, బూడిదగా ఉంది. పిల్లే, ఆ విషయంలో నాకు సందేహం లేదు.

ఇక అది కాలూరస్ అనే పశ్చిమపు ఉపజాతా, హార్లాన్సా అన్నది తేల్చాలనుకుంటే రెక్క కొసలు చూడాలి. కాలూరస్ పిల్లకు బయటి ప్రైమరీల కొసలు సాధారణంగా ఒకే ముదురు రంగు. హార్లాన్స్ పిల్లకు ఆ కొసల దాకా అడ్డచారలు సాగుతాయి. తోక పట్టీలు కూడా హార్లాన్స్‌లో కాస్త వెడల్పుగా, తిన్నగా కాకుండా మధ్యలో మొన తేలినట్టు వంపు తిరిగి ఉంటాయి. ఒంటి రంగులో కూడా తేడా ఉంది. కాలూరస్ డార్క్ మార్ఫ్‌ది వెచ్చటి చాక్లెట్ గోధుమ. హార్లాన్స్‌ది చల్లటి, నలుపుకు దగ్గరైన గోధుమ, రొమ్ము మీదా వీపు మీదా తెల్ల చుక్కలో గీతలో ఉంటాయి. మీ ఫొటోలో కొసల మీద చారలున్నట్టే ఉంది గానీ ఫొటో మసక, పట్టుబట్టి చెప్పను. పక్షి చేతిలోకి వచ్చాక రెక్క విప్పి చూడండి, అప్పుడు సందేహం ఉండదు.

చట్టం దృష్టిలో రెండూ రెడ్‌టెయిలే. కాబట్టి ఇది మీ ఆసక్తి కోసమే.

చలికాలపువేట:
నేను వేరే మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. రంగు కోసం ఇంత ఎదురుచూడటం నాకు నచ్చదు. అప్రెంటిస్‌కు కావలసింది ఆరోగ్యంగా, ఆకలిగా, ధైర్యంగా ఉన్న పాసేజ్ పక్షి (గూడు వదిలి తిరుగుతున్న, ఏడాది నిండని అడవి పక్షి). ఉచ్చు వేయగానే తటపటాయించకుండా వచ్చి పడే లేత రంగు పిల్లను వదిలేసి, దూరంగా కూర్చుని పట్టించుకోని ముదురు రంగు పక్షి చుట్టూ తిరిగితే సీజన్ గడిచిపోతుంది. ఇక్కడ రోజులు చిన్నవవుతున్నాయి, పట్టాక మచ్చిక చేయాలి, బరువు కుదర్చాలి, తాడు మీద ఎగరేయాలి, అప్పుడు కదా వేట.

ముదురు రంగు పక్షి ఎక్కువ వేటాడుతుందని, ఎక్కువ పౌరుషమని అనేవాళ్ళున్నారు. నేనెప్పుడూ నమ్మలేదు.

తోకపట్టీలు:
పౌరుషం సంగతి నాకూ నమ్మకం లేదు. అయితే రంగుకూ వేటకూ సంబంధమే లేదనడం కూడా సరి కాదు. దక్షిణాఫ్రికాలోని కేప్ ద్వీపకల్పంలో బ్లాక్ స్పారోహాక్‌ల మీద చేసిన అధ్యయనం 2016లో వచ్చింది. అక్కడ ముదురు రంగువీ లేత రంగువీ రెండూ ఉన్నాయి. వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు ముదురు రంగువి, వెలుతురు ఎక్కువున్నప్పుడు లేత రంగువి గూటికి ఎక్కువ ఆహారం తెచ్చాయి. ఆకాశం మబ్బుగా ఉన్నప్పుడు ముదురు ఒళ్ళు ఎరకు తొందరగా కనబడదన్నది వాళ్ళ వివరణ. అది వేరే జాతి, వేరే దేశం, చెట్ల మధ్య పక్షులను పట్టే డేగ. దాన్ని తెచ్చి నేల మీద కుందేళ్ళను పట్టే రెడ్‌టెయిల్‌కు అంటించలేం. కానీ ప్రకృతిలో రెండు రంగులూ నిలబడ్డాయంటే రెంటికీ పనికొచ్చే చోటు ఏదో ఉందన్నమాట.

ఉచ్చులదారం:
చలికాలపువేట గారి మాటలో సగం ఒప్పుకుంటాను. రంగు కోసం ఆగొచ్చు, ఇష్టం ఇష్టమే. రోజూ ఉదయం తూకం వేసేటప్పుడు, సాయంత్రం మేత పెట్టేటప్పుడు ఆ పక్షితోనే కదా గడపాలి, దాన్ని చూస్తే మనసు నిండాలి. అయితే పట్టాక రంగు చూసి ఆరోగ్యం మరవకూడదు. నోరు తెరిచి చూడండి: గొంతులో, నాలుక మీద పసుపు తెలుపు గడ్డల్లాంటివి ఉంటే అది ఫ్రౌన్స్ అనే నోటి జబ్బు కావచ్చు. రొమ్ము ఎముక తడమండి, కత్తి అంచులా పొడుచుకొచ్చి ఉంటే బాగా చిక్కిపోయినట్టు. ఈకలకు అడ్డంగా సన్నటి గాజులాంటి గీతలున్నాయేమో చూడండి, ఈక పెరిగేటప్పుడు ఆకలికో జబ్బుకో గురైన చోట అవి పడతాయి, అక్కడే ఈక విరుగుతుంది. ముదురు ఈకల మీద ఆ గీతలు కనబడటం కష్టం. తోకను విప్పి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. లేత రంగు పక్షికి ఈ పని కళ్ళతోనే అయిపోతుంది, దీనికి అవ్వదు.

కొత్తగ్లవ్:
ఇది రాసి పెట్టుకున్నాను. ఇంకో సంగతి అడగాలి. నాకు డేగవేట నేర్పే మా స్పాన్సర్ గారు నిన్న అదే దారిలో వెళ్తూ "నువ్వు చెప్పిన పక్షి అంత ముదురేమీ కాదు" అన్నారు. ఆయన చూసింది మధ్యాహ్నం మంచు మీద. నేను చూసింది పొద్దున మబ్బులో. ఒకే పక్షిని చూసి ఇద్దరం వేరే వేరే రంగులు చెప్పగలమా?

పొలంగట్టు:
చెప్పగలరు, మామూలే. ఆకాశం తెల్లగా ఉండి పక్షి దానికి ఎదురుగా ఉంటే లేత రంగు రెడ్‌టెయిల్ కూడా నల్ల బొమ్మలా కనబడుతుంది. నేల మీద మంచు ఉంటే ఆ వెలుగు కింద నుంచి కొట్టి ముదురు రెక్క కూడా లేతగా కనబడుతుంది. వానలో తడిసిన ఈకలు ఒక పాలు నల్లబడతాయి. ఇంకోటి, ఏ రెడ్‌టెయిల్ అయినా వీపు గోధుమే. వెనక నుంచి మాత్రమే చూసి డార్క్ మార్ఫ్ అనేయకూడదు. లేత రంగు పక్షికి వీపు మీద రెండు వైపులా తెల్ల మచ్చలు కలిసి V ఆకారంలో కనబడతాయి. అది బాగా ఉంటే ముందు వైపు చూడకుండానే డార్క్ మార్ఫ్ కాదని దాదాపు చెప్పొచ్చు.

ఫొటో తీసేటప్పుడు కెమెరా ఎక్స్‌పోజర్‌ను ఒక మెట్టు పైకి పెట్టండి. ముదురు పక్షిని తెల్లటి ఆకాశం మీద ఆటోలో తీస్తే కెమెరా దాన్ని ఇంకా నల్లగా చేసేస్తుంది, రొమ్ము మీది గీతలన్నీ మాయమవుతాయి. మీ మొదటి ఫొటోలో జరిగింది అదేనేమో. కొంచెం పైకి పెట్టి తీస్తే అందులో గోధుమ గీతలు బయటపడొచ్చు, అప్పుడది పూర్తి డార్క్ కాక మధ్యస్థం అని తేలినా ఆశ్చర్యపోను. పిల్లల్లో ఈ రెంటి మధ్య గీత గీయడం కష్టం, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మెల్లగా జారిపోతాయి.

రెక్కచూపు:
రంగు గురించి ఇంకో అపోహ కూడా ఇక్కడే తీర్చేద్దాం, ప్రైవేటు మెసేజీల్లో తరచూ అడుగుతుంటారు. ముదురు రంగు అంటే మగా కాదు, ఆడా కాదు, ముసలీ కాదు, మేత వల్ల వచ్చిందీ కాదు. అది పుట్టుకతో వచ్చేది. ఒకే గూటిలో ముదురు పిల్లా లేత పిల్లా పక్కపక్కన పెరగొచ్చు. ఆడా మగా తేల్చాలంటే బరువూ పాదాల సైజూ చూడాలి, రెడ్‌టెయిల్‌లో ఆడదే పెద్దది. తూర్పు రాష్ట్రాల్లో స్థానికంగా గూడు కట్టే వాటిలో డార్క్ మార్ఫ్ దాదాపు కనబడదు. పశ్చిమాన మామూలే. చలికాలంలో తూర్పున ముదురు రెడ్‌టెయిల్ కనబడితే అది ఉత్తరం నుంచో పడమర నుంచో దిగిందై ఉండే అవకాశమే ఎక్కువ.

కొత్తగ్లవ్:
శనివారం వెళ్ళాం. స్పాన్సర్ గారు బాల్‌ఛత్రి అనే, పైన ఉచ్చులు కట్టిన చిన్న బోను సిద్ధం చేశారు, లోపల చిట్టెలుకలు. స్తంభానికి అల్లంత దూరంలో కారు కిటికీలోంచి జారవిడిచి ముందుకు వెళ్ళి ఆగాం. కాసేపు కిందికి చూస్తూ కూర్చుని ఒక్కసారిగా దిగింది. ఎడమ కాలి వేలు ఉచ్చులో పడింది.

మీరందరూ చెప్పిన వరసలోనే చూశాం. కాళ్ళు నున్నగా ఉన్నాయి. ఈకల్లో సన్నబడ్డవి నాలుగు. కన్ను పసుపు. తోక నిండా సన్న పట్టీలు, మొన తేలినట్టు వంపు ఉన్నాయి. రెక్క విప్పితే కొసల దాకా చారలు! రొమ్ము మీద తెల్ల గీతలు దూరం నుంచి ఎందుకు కనబడలేదో పొలంగట్టు గారు చెప్పినట్టే అర్థమైంది. నోరు శుభ్రంగా ఉంది, రొమ్ము మీద కండ ఉంది. బరువు చూస్తే ఆడది అంటున్నారు స్పాన్సర్ గారు.

ఒకటి చెప్పండి: వచ్చే ఏడు ఈకలు మారాక ఇది ఎలా ఉంటుంది? రంగు పోతుందా?

చలికాలపువేట:
అభినందనలు! రంగు సంగతి వాళ్ళు చెప్తారు. మీరు ముందు రాష్ట్ర పద్ధతి ప్రకారం 10 రోజుల్లోపు రిపోర్టు ఆన్‌లైన్‌లో పెట్టండి, సందడిలో మరచిపోతారు. కాగితం మీద రెడ్‌టెయిల్ అని రాస్తే చాలు. రెండు మూడు రోజులు ఇంట్లో జనాన్ని దగ్గరికి రానీయకండి, చేతి మీదే తినేలా చేయండి.

తోకపట్టీలు:
ముదురు రంగు పోదండీ. మార్ఫ్ జీవితాంతం అదే. వసంతం చివర నుంచి ఈకలు రాలడం మొదలవుతుంది, శరదృతువుకల్లా చాలా మటుకు కొత్తవి వస్తాయి. ఒళ్ళు ముదురుగానే ఉంటుంది, బహుశా ఇంకా నలుపెక్కుతుంది. తోకే పూర్తిగా మారుతుంది: ఈ సన్న పట్టీలు పోయి తెలుపూ బూడిదా కలిసిన మచ్చల తోక వస్తుంది. ప్రతి హార్లాన్స్ తోకా వేరేగా ఉంటుంది కాబట్టి ఎలా వస్తుందో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. రెక్క వెనక అంచు నల్లగా, వెడల్పుగా మారుతుంది. కన్ను మాత్రం ఒక్క ఏడాదిలో మారదు, పసుపు కొన్నేళ్ళ మీద మెల్లగా గోధుమలోకి దిగుతుంది. రెక్కల బయటి ఈకల్లో కొన్ని మొదటి ఏడు రాలకుండా ఉండిపోవచ్చు. పాతవి వెలిసి, కొసలు అరిగి ఉంటాయి, కొత్తవాటి పక్కన తేడా తెలిసిపోతుంది. టెన్షన్ పడి పీకకండి, వాటంతట అవే రాలాలి. రాలిన తోక ఈకలను వరస నంబర్లు రాసి దాచుకోండి, ఎప్పుడైనా ఈక విరిగితే అతికించడానికి పనికొస్తాయి.